ముళ్ళకంచె

ఈ ఊరి పేరు దిబ్బా.
వచ్చిన రోజున నవ్వొచ్చింది:
మా భావనపాడులో ఇసకదిబ్బకీ పెంటదిబ్బకీ ఒకటే మాట.

తెల్లారకముందే పడవకి డీజిలు పోస్తాను.
మౌజా మేడమ్ వస్తుంది, కళ్ళలో ఇంకా నిద్ర,
ఒక చేతిలో ఖర్జూరాల డబ్బా,
భుజాన తెల్ల పైపులతో చేసిన చదరం.
అటు మీటరు, ఇటు మీటరు.
మా ప్రయోగశాల అంతే.

అయిదో తరగతిలో పోయిన పలక
నలభై మూడో ఏట మళ్ళీ చేతికొచ్చింది.
ఈ పలక తడిస్తే చెరగదు.
తొమ్మిది మీటర్ల లోతున
పెన్సిలుకి దారం కట్టుకుని గీతలు గీస్తాను.
నాలుగు నిలువు, ఒకటి అడ్డం.
నాలుగు నిలువు, ఒకటి అడ్డం.

కాగితాల్లో వాటి పేరు సీ అర్చిన్.
నేను ముళ్ళబంతి అంటాను.
ఇప్పుడు ఆమె కూడా అదే అంటోంది,
ళ దగ్గర నాలుక మడవలేక, ముల్లబంతి అని.

పగలంతా రాతి సందుల్లో నల్లగా ముడుచుకుని
ఏమీ ఎరగనట్టుంటాయి.
రాత్రి చూడాలి.
టార్చి వేస్తే రాయి రాయంతా కదుల్తుంది.
కడుపు కింద అయిదు పళ్ళు.
పాచి గీకి,
పాచి అయిపోయాక
పాచి పట్టిన రాతిని గీకి,
ఊపిరి బిగబట్టి చెవి ఒగ్గితే
అట్లపెనం మీద మాడు గోకుతున్న చప్పుడు.

కంచె చేను మేసిందని సామెత చెప్పుకున్నాం గానీ
కంచెకి కాళ్ళు రావడం
నేను ఇక్కడే చూశాను.

"ఏరి పారేద్దాం మేడమ్" అన్నాను మొదటి వారం.
ఆమె రెండు పంజరాలు చూపించింది.
ఒకదాంట్లో ఒక్క ముళ్ళబంతీ లేదు:
పాచి పరుపులా పెరిగి
కింద పగడపు పిల్లలకి ఊపిరాడలేదు.
రెండోదాంట్లో ఇరవై మూడు:
రాయి సుద్దముక్కలా అరిగి
వేలు పెడితే పిండి.
"మరి ఎన్నుండాలేటి?"
"అది తేల్చడానికే నీకు జీతం" అంది
ఖర్జూరం గింజ నీళ్ళలోకి ఉమ్ముతూ.

నాలుగో నెల, వీటిని తినేవాళ్ళెవరని
చేపల బొమ్మలు పరిచింది.
ఒకటి షేరీ.
ఒకటి గట్టిపళ్ళది: నోటితో నీళ్ళు ఊది
ముళ్ళబంతిని వెల్లకిలా దొర్లించి
మెత్తటి వైపు నుంచి కొరుకుతుందట.
చూడగానే గుర్తుపట్టాను.
ఎందుకు పట్టనూ.

పదకొండేళ్ళు గర్గూర్లు లాగాను,
కోళ్ళగంపల్లాంటి ఆ తీగ బుట్టలు,
రోజుకి నలభై.
షేరీ మంచుపెట్టెలోకి.
గట్టిపళ్ళదాన్ని ఎవరూ కొనరని
మడమతో పక్కకి తోసేవాణ్ణి.
ఎండలో అది చాలాసేపు
పళ్ళు నూరేది.

"ఎన్నుంటాయి?" అని అడిగింది.
ఇన్నాళ్ళూ లెక్క నాదే కదా. పలక తీశాను.
నాలుగు నిలువు, ఒకటి అడ్డం.
ఒక్క నెల లెక్కకే పలక నిండింది.
అరచేత్తో తుడిచాను, పోలేదు.
నీళ్ళకి చెరగని పలక.
ఇసక పెట్టి రుద్దాలి.

ఆమె నన్నేమీ అనలేదు.
"మా తాతవి నూట ఇరవై బుట్టలు" అంది.
తర్వాత కొండల కేసి చూస్తూ కూచుంది,
నేను ఇంజను తిప్పేదాకా.

నిన్న పన్నెండు మీటర్ల దగ్గర
తాడు తెగిన బుట్ట ఒకటి కనిపించింది.
సగం తుప్పు.
ముడి మాత్రం చెక్కుచెదరలేదు, నాదే,
మా చినమావ మైలపల్లి కూర్మయ్య నేర్పిన ముడి.
లోపల గట్టిపళ్ళది, ఒక్కటే,
తీగకి ముక్కు రాసుకుని రాసుకుని
ముక్కు తెల్లబడింది.

కటింగ్ ప్లయరుతో నాలుగు తీగలు తెంపాను.
బయటికి వస్తూ
గ్లౌజు మీంచి నా బొటనవేలు కొరికింది.
వేలు ఇంకా వాచే ఉంది.
మౌజా మేడమ్ చూసి నవ్వింది, ఐసు పెట్టమంది.

పలక మీద అన్నిటికీ గళ్ళున్నాయి:
ముళ్ళబంతి, పాచి, పగడం, ఉత్తరాయి.
దానికి గడి లేదు.
అంచున, గళ్ళకి అవతల,
ఒక నిలువు గీత గీశాను.